నీలి పట్టా కింద తీసిన ఫొటోలు

మా కింది వాటాలో ఉండే టైలరమ్మ పిల్లల గౌన్లు కుడుతుంది. ఇరవై ఏళ్లలో ఆమె వేసిన కుట్టు ఊడిందని ఒక్కరూ ఆ గడప ఎక్కలేదు. వీధి చివర రెడీమేడ్ దుకాణం వచ్చాక పని సన్నగిల్లితే, కూతురు ఫోనులో గౌన్లు అమ్ముకునే పేజీ తెరిచి ఇచ్చింది. అప్పట్నుంచి మిషను మళ్లీ ఊపందుకుంది.

అలాంటిది మొన్న పట్టపగలు మిషను ఆగిపోయింది. ఎందుకు ఆగిందో తెలుసుకోకుండా కూర్చోవడం నా వల్ల అయ్యే పని కాదు. మెట్లు దిగాను. టైలరమ్మ ఫోను ఒళ్లో పెట్టుకుని ముక్కు ఎగబీలుస్తోంది.

“చూడండి పిన్నిగారూ! గులాబీ రంగు చూపించి నారింజ రంగు అంటగట్టానట. మోసగత్తెనట!”

“నువ్వేమన్నావ్?”

“అనేదేముంది? ఆ కామెంటు పీకేసి ఆవిణ్ని బ్లాక్ చేశా.”

“తీరిపోయిందిగా, ఇంకా ఏడుపెందుకు?”

“వాళ్ల చెల్లెలు దిగింది. ఆవిణ్నీ బ్లాక్ చేశా. ఇప్పుడు తోడికోడలు మొదలెట్టింది.”

“ఉండు, ఆడపడుచు ఇంకా రాలేదు.”

ఆమెకు నవ్వు రాలేదు. డాన్సు టీచరు ఒకావిడ తన దగ్గర నేర్చుకునే పన్నెండు మంది పిల్లలకు గౌన్లు కుట్టించాలనుకుంది. పేజీలో ఈ గొడవ చూసి, “రేపొచ్చి మాట్లాడతాను, అప్పటిదాకా బట్ట కొయ్యకండి” అని మెసేజ్ పెట్టిందట.

“ఈ పని కూడా పోతే పేజీ మూసేసి, ఆ రెడీమేడ్ వాడి దగ్గరే గుండీలు కుట్టుకుంటాను” అంది.

నేను ఫోను లాక్కుని చూశాను. ఫొటోలో గౌను నిజంగానే గులాబీ రంగులో ఉంది! బుట్టలో ఆ గౌను తాలూకు పీలిక దొరికితే వీధిలోకి పట్టుకెళ్లాను. ఎండలో అచ్చమైన నారింజ. వరండాలోకి తెచ్చాను, గులాబీకి తిరిగింది. తలెత్తి చూస్తే పైన నీలి టార్పాలిన్ పట్టా.

“ఇదెప్పుడు కట్టావే?”

“వానలకి. నెలైంది.”

“మరి ఈ గౌను ఫొటో ఎక్కడ తీశావ్?”

టైలరమ్మ తలెత్తి పట్టా వంక చూసింది. తన బట్ట రంగు తనకు తెలుసు కాబట్టి, ఫొటోలో ఎలా పడిందో ఒక్కసారీ చూసుకోలేదు.

“ముందు ఆ ఆడవాళ్ల బ్లాకులు తియ్యి. తర్వాత జరిగింది జరిగినట్టు చెప్పు.”

వీడియో తీశాం. పీలిక ఒక కొస పట్టా కింద, రెండో కొస ఎండలో. పట్టుకున్న చెయ్యి నాదే. “తప్పు నాదేనండీ. గౌను వెనక్కి పంపండి, గులాబీ బట్టతో మళ్లీ కుట్టి ఇస్తాను” అంది టైలరమ్మ. చివర్లో ముక్కు ఎగబీల్చింది. మళ్లీ తీద్దామంటే నేనే వద్దన్నాను.

సాయంత్రానికి మొదటావిడ జవాబిచ్చింది: “మా పాప దాన్ని విప్పనంటోంది. అయినా నాకు గులాబీదే కావాలి, కుట్టి పంపండి.” మోసగత్తె అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. తోడికోడలికి వీడియోలోని నా గాజులు ఎక్కడ కొన్నానో తెలియాలట.

మర్నాడు డాన్సు టీచరు వచ్చింది. వచ్చీ రాగానే బట్ట ఎండలోకి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పింది.

“కొలతలకు పిల్లల్ని ఎప్పుడు పంపమంటారు?” అంది.

ఇప్పుడు టైలరమ్మ ఫొటోలన్నీ మా మేడ మీదే తీస్తోంది. “పిన్నిగారూ, మీరు ఆరేసిన దుప్పటి అడ్డం!” అని పొద్దున్నే కేకేస్తుంది. తీస్తాను. కామెంట్లు ముందు నాకు చూపిస్తేనే.