ఎర్తు గోతికి చెంబెడు నీళ్లు

మొదటింటి అత్తయ్య పోయిందన్న కబురు శుక్రవారం పొద్దున్న నేను దీపారాధన చేస్తుండగా వచ్చింది. ఆవిడ నాకు చుట్టం కాదు. విశాఖలో పోర్టు పనివాళ్లుండే మా వరుస ఇళ్లన్నిటికీ అత్తయ్యే.

ఆవిడ భర్త పోర్టులో వైర్‌మేన్. బతికుండగా మా ఇళ్ల వెనక గొయ్యి తవ్వి, పైపు పాతి, చుట్టూ ఉప్పూ బొగ్గూ నింపి ఎర్తు పెట్టారు. ఇంటింటా బల్బులు బిగించే ఇనప బ్రాకెట్లకు అక్కణ్నుంచే తీగ లాగారు. కరెంటు ఇనుముకు తగిలితే ఆ తీగ వెంట భూమిలోకి పోతుందనీ, ఫ్యూజు కాలి ఆగిపోతుందనీ, మట్టి ఎండితే మాత్రం ఆ దారి సరిగా పనిచేయదనీ భార్యకు చెప్పారట. ఆయన పోయాక ఆవిడ రోజూ ఆ గోతిలో చెంబెడు నీళ్లు పోసేది.

మా ఊళ్లో ఎండాకాలం కుళాయి సంగతి మీకు తెలియనిది కాదు. బిందె కోసం తగువులాడుకునే రోజుల్లో గోతికి నీళ్లేమిటని అందరూ విసుక్కునేవారు.

“మొక్కేటైనా మొలుత్తాదేటి అత్తా అక్కడ?” అంది ఎదురింటావిడ ఒకసారి.

“మొలవదే. నువ్వు బతికుంటావు,” అంది అత్తయ్య, చెంబు వంచుతూనే.

ఎవరి నీళ్లూ అడిగేది కాదు. చాలకపోతే ఆ పూట తన స్నానం మానుకునేది.

అలాంటి ఒక వేసవి సాయంత్రం మా అమ్మాయి తలస్నానం చేసి, తడి ఒంటితోనే దేవుడి గదిలోకి వెళ్లింది. బల్బు మిణుకుమంటుంటే సరిచేద్దామని గోడనున్న ఇనప బ్రాకెట్టు పట్టుకు కదిపింది. టప్పుమని శబ్దం. ఇల్లంతా చీకటి.

“అమ్మా, లైటు పోయింది,” అంది పిల్ల.

మర్నాడు వచ్చిన వైర్‌మేన్ బ్రాకెట్టు విప్పి, లోపల తీగ పైతొడుగు ఊడి ఇనుముకు తగిలిందని చూపించాడు. “ఎర్తు తడిగుంది కాబట్టి సరిపోనాదమ్మా,” అన్నాడు. ఆ తర్వాత గోతికి నీళ్లు పోయడం మా ఇళ్లన్నీ వంతులేసుకున్నాయి. ఎదురింటావిడ కూడా.

నా కళ్లకు కట్టి ఉన్నది మాత్రం ఆ సాయంత్రమే. అత్తయ్య లాంతరు పట్టుకుని వచ్చింది. బ్రాకెట్టు సంగతి చెప్పాను. పిల్ల అరచేతులు రెండూ వెలుగులో తిప్పి తిప్పి చూసింది. తర్వాత గడప మీద కూర్చుని, దాన్ని ఒళ్లోకి లాక్కుని, పైటచెంగుతో తల తుడవసాగింది.

“కదలకే, జొరమొత్తాది.”

పిల్ల చక్కిలిగిలి పుట్టి మెలికలు తిరుగుతూ నవ్వుతోంది. ఆవిడ వదల్లేదు.