పొగమంచులో నా వెనక చక్రం

మా పిన్నికి ఆ పందెం మీద మొదటి నుంచీ అనుమానమే. "ఆడవాళ్ళకి మాత్రమే అని వేశారంటే చూడ్డానికి మగాళ్ళు వస్తారనే," అంది, ఆఫీసు నోటీసు బోర్డు దగ్గర్నుంచి నేను తీసుకొచ్చిన కరపత్రాన్ని దూరంగా పట్టుకుని చదువుతూ. ముందు పరుగు, తర్వాత సైకిలు, ఆఖర్న మళ్ళీ కాస్త పరుగు. గుర్గావ్ అవతల, ఇంకా ఇళ్ళు కట్టని కొత్త సెక్టారు రోడ్ల మీద, ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున్నే.

"ఇళ్ళు కూడా లేని చోట ఎందుకు పెట్టారే? పెట్టేవాళ్ళెవరు? వాళ్ళకేం లాభం?"

ఆ ప్రశ్నలు నాకూ ఉన్నాయి.

ఒంగోలు నుంచి ఢిల్లీ వచ్చాక నా మకాం ఆర్.కె. పురంలో పిన్ని వాళ్ళ ప్రభుత్వ క్వార్టర్లోనే. ఉద్యోగం గుర్గావ్‌లో, సాఫ్ట్‌వేర్. మెట్రో కోసం దారంతా తవ్విపోసిన రోజులవి. ఆఫీసు క్యాబులో కూర్చుని కూర్చుని నడుము పట్టేస్తుంటే పొద్దున్నే పరిగెత్తడం మొదలుపెట్టాను. ఢిల్లీలో పరిగెత్తే ఆడదానికి కాళ్ళకంటే ముందు మెడ అలవాటు పడుతుంది. పక్కన కారు నెమ్మదించిందా, ఇందాకటి స్కూటరే మళ్ళీ వస్తోందా, చెట్టు కింద నిలబడ్డ మనిషి నిజంగా బస్సు కోసమేనా. రోజూ ఇలా వెనక్కి చూసుకుంటూ పరిగెత్తి పరిగెత్తి, ఒక్కసారైనా ముందుకి మాత్రమే చూస్తూ పరిగెత్తాలనిపించింది. పందెంలో పేరు ఇవ్వడానికి నాకున్న కారణం అదొక్కటే. గేర్ల సైకిలు మాత్రం ఆఫీసులో ఒకమ్మాయిని అడిగి తెచ్చుకున్నాను.

ఆ రోజు సైకిలుని మారుతీ కారు మీద ప్లాస్టిక్ తాడుతో కట్టి బాబాయి నన్ను తీసుకెళ్ళాడు. ధౌలా కువాన్ దగ్గర ఫ్లైఓవరు ఎక్కామో దిగామో తెలియనంత పొగమంచు. అక్కడికి చేరేసరికి ఒక షామియానా, మైకు, బల్ల మీద అరటిపళ్ళు, గ్లూకోజు నీళ్ళు. నలభై యాభై మంది ఆడవాళ్ళు. కొందరికి మెరిసే హెల్మెట్లు, గాలి కొట్టిపెట్టడానికి భర్తలు. పెళ్ళిలో ఒకళ్ళ నగలు ఒకళ్ళు చూసుకున్నట్టు అందరూ అందరి సైకిళ్ళనీ ఓరగా చూసుకుంటున్నారు.

నా పక్కన మెరూన్ స్వెట్టరు వేసుకున్న ఆవిడ నిలబడింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. బిగించి అల్లిన జడ, పాత నల్ల సైకిలు. మాట్లాడే తీరు చూస్తే హర్యానా మనిషి.

"పహ్లీ బార్?" అంది. మొదటిసారా అని.

"కాదు," అన్నాను. మొదటిసారే.

"ఎక్కడ ప్రాక్టీసు చేస్తారు? రోజూనా? ఒక్కరేనా?"

ఈ ఆఖరి ప్రశ్నకి ఢిల్లీలో నేనెవరికీ నిజం చెప్పను. "లేదు, మా గ్రూపు ఉంది," అన్నాను. ఆవిడ నా చుట్టూ గ్రూపు కోసం వెతికినట్టు చూసింది. దూరంగా మంకీ క్యాపు పెట్టుకుని అరటిపండు తింటున్న బాబాయి తప్ప నాకెవరూ లేరు.

నేను బాత్రూముకి వెళ్ళి వచ్చేసరికి ఆవిడ నా సైకిలు పక్కన గొంతుక్కూర్చుని ముందు టైరుని బొటనవేలితో నొక్కి చూస్తోంది. నన్ను చూసి లేచి, "హవా ఠీక్ హై," అని నవ్వింది. గాలి బాగానే ఉందట. నా టైరులో గాలి సంగతి ఈవిడకెందుకు? వెంటనే బాబాయిని పిలిచాను.

"ఉంది కదమ్మా గాలి," అంటూనే ఆయన మళ్ళీ కొట్టాడు.

నిర్వాహకురాలు మైకులో నియమాలు చెప్పింది. ఒకప్పుడు తను కూడా పరుగు పందేల్లో పాల్గొన్న మనిషట. సైకిలు దారి చివర ఒక ఎర్ర డ్రమ్ము ఉంటుంది, దాని చుట్టూ తిరిగి వెనక్కి రావాలి, అక్కడున్న మనిషి చేతికి రిబ్బను ఇస్తాడు, రిబ్బను లేకుండా వస్తే లెక్కలోకి రాదు.

పరుగు బాగానే సాగింది. మంచులో నా ముందు ఒకరిద్దరి వీపులు తప్ప ఏమీ కనిపించలేదు. సైకిలెక్కాక ఆ వీపులు కూడా మాయమయ్యాయి. రెండు పక్కలా సగం కట్టి వదిలేసిన భవనాలు. చప్పుడు లేదు. కాసేపటికి వెనక నుంచి ఒక గొలుసు కిర్రుమనడం వినిపించింది. దాటి వెళ్తుందని పక్కకి జరిగాను. దాటలేదు. నెమ్మదించాను, ఆ చప్పుడూ నెమ్మదించింది. గట్టిగా తొక్కాను, అదీ పరుగందుకుంది. తల తిప్పి చూస్తే మెరూన్ స్వెట్టరు, నా వెనక చక్రానికి మూరెడు దూరంలో.

"ఆగే జావో!" అని అరిచాను. ముందుకెళ్ళమని చెయ్యి కూడా ఊపాను. ఆవిడ తలూపింది గానీ ముందుకి రాలేదు. నా చేత అంతా తొక్కించి చివర్లో దాటేస్తుంది, ఇదే ఈవిడ ఎత్తు అనుకున్నాను. మధ్యలో ఇద్దరు మగవాళ్ళున్న మోటారు సైకిలొకటి మమ్మల్ని దాటి, మంచులో ఎక్కడో వెనక్కి తిరిగి, మళ్ళీ మెల్లగా ఎదురొచ్చింది. పందెం తాలూకు మనుషులేమో, కాదేమో. నేను హ్యాండిల్ గట్టిగా పట్టుకుని తొక్కాను. ఆ గొలుసు చప్పుడు ఇంకా దగ్గరకొచ్చింది.

ఎర్ర డ్రమ్ము కనిపించింది. పక్కన అద్దాలెత్తి ఉన్న కారు, ఇంజను ఆన్‌లోనే ఉంది. బయట మనిషి లేడు.

"భయ్యా, రిబ్బన్!" అని గొంతు చించుకున్నాను. తలుపు తెరుచుకోలేదు. ఆగితే వెనకావిడ వెళ్ళిపోతుంది. ఆవిడ కాచుకున్నది ఇలాంటి అవకాశం కోసమే అనిపించింది. డ్రమ్ము చుట్టూ తిరిగి, ఆగకుండా వచ్చేశాను.

కాసేపట్లోనే ఆ కిర్రుమనే చప్పుడు మళ్ళీ నన్ను అందుకుంది, తిరుగు దారంతా నాతోనే ఉంది. సైకిలు దిగి ఆఖరి పరుగు మొదలుపెట్టాక గానీ తగ్గలేదు. అప్పుడు నిజంగానే వెనక్కి చూడలేదు. షామియానా దగ్గర ఎవరో చప్పట్లు కొడుతున్నారు, బాబాయి మంకీ క్యాపు తీసి ఊపుతున్నాడు. నాకంటే ముందు చేరినవాళ్ళు ఇద్దరే. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఊపిరి తీసుకుంటుంటే ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

"రిబ్బన్?" అంది నిర్వాహకురాలు.

చెప్పాను. ఆవిడ నా గుడ్డ బూట్ల వంకా, అరువు సైకిలు వంకా చూసింది. మొదట వచ్చినామె భర్త పక్కనుంచి, "ఎప్పుడూ ఎక్కడా చూడలేదే ఈ అమ్మాయిని. మంచులో సగంలోంచే తిరిగొస్తే ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు ఇంగ్లీషులో. ఈలోగా డ్రమ్ము దగ్గరి మనిషికి ఫోను చేశారు. ఆయన తాను మొదటినుంచీ రోడ్డు మీదే నిలబడి ఉన్నానని చెప్పాడు.

"పోనిద్దూ అమ్మా, మనమేమన్నా పతకాల కోసం వచ్చామా," అని బాబాయి నా భుజం మీద చెయ్యి వేశాడు. వేస్తూ ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. ఆ చూపులో కూడా ప్రశ్న ఉంది. అందరికంటే ఆయన చూపే నన్ను ఎక్కువ నొప్పించింది.

"నేను తిరిగాను బాబాయ్. నిజంగా తిరిగాను."

అప్పటికి మెరూన్ స్వెట్టరావిడ వచ్చి చేరింది. నాలుగో మనిషి. చేతికి పచ్చ రిబ్బను. నన్ను లెక్కలోంచి తీసేస్తే మూడో స్థానం ఆవిడదే. ఇంకేముంది, అయిపోయింది అనుకున్నాను. ఆవిడ గ్లూకోజు నీళ్ళు తాగుతూ గొడవంతా విని గ్లాసు కింద పెట్టింది.

"ఈమె తిరిగింది," అంది హిందీలో, గట్టిగా. "ఈమె అరిచిన అరుపుకే మీ మనిషి కారు దిగాడు. దిగేసరికి ఈమె వెళ్ళిపోయింది. వెనక నేనున్నాను కాబట్టి రిబ్బను నాకు దొరికింది."

నిర్వాహకురాలు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీరిద్దరూ తెలిసినవాళ్ళా?"

"మొహం ఈ పొద్దున్నే మొదటిసారి చూశా. వీపు మాత్రం ఎక్కడ చూసినా గుర్తుపడతా."

ఎవరో నవ్వారు. నిర్వాహకురాలు నవ్వలేదు. మళ్ళీ ఫోను చేసి, "ఆ మెరూన్ స్వెట్టరుకి ముందు ఎవరైనా వెళ్ళారా? సరిగ్గా ఆలోచించి చెప్పు," అంది. అవతలి మనిషి ముందు నసిగాడట. తర్వాత, మంచు బాగా ఉంది మేడమ్, ఎవరో వెళ్ళినట్టే ఉన్నారు, అన్నాడట. ఆవిడ ఫోను జేబులో పెట్టుకుని, "ఠీక్ హై, మూడో స్థానం ఈ అమ్మాయిదే," అంది. మొదటామె భర్త పెదవి విరిచి భార్య సైకిలు సర్దడానికి వెళ్ళిపోయాడు.

నేను నేరుగా మెరూన్ స్వెట్టరావిడ దగ్గరికి వెళ్ళాను. ఒక స్కూలు పేరు చెప్పింది, అందులో డ్రిల్లు టీచరట. ధన్యవాదాలు చెప్పాక కూడా నా నోరు ఊరుకోలేదు. "దారంతా నా వెనకే ఎందుకొచ్చారు?"

"ఆ మోటారు సైకిలువాళ్ళని చూశావు కదా? నీ దాకా రాకముందు నా పక్కనే చాలాసేపు మెల్లగా వచ్చారు, ఏదో వాగుతూ. నువ్వు కనిపించావు, అంటుకున్నాను. ఒక్కదాన్ని అయితే ఆ దారిలో వెనక్కి తిరిగి వచ్చేసేదాన్ని." మళ్ళీ తనే, "గ్రూపు ఉందన్నావు, ఎక్కడ?" అంది.

బాబాయిని చూపించాను. పకపకా నవ్వింది.

ఫోను నంబరు అడిగింది. మొబైలుది ఇవ్వడానికి మనసొప్పక ఆఫీసు నంబరిచ్చాను. ఇంటికెళ్ళాక పిన్ని ఆ పతకాన్ని అటూ ఇటూ తిప్పి, "పేరు చెక్కలేదేం? నీకే ఇచ్చారా, అందరికీ ఇచ్చారా?" అంది. తర్వాత దాన్ని టీవీ మీద, వచ్చినవాళ్ళందరికీ కనిపించేట్టు పెట్టింది కూడా తనే.

వారం తిరక్కుండా ఆఫీసులో నా బల్ల మీది ఫోను మోగింది. ఆదివారాలు కలిసి తొక్కుదామా అంది ఆమె. ఆలోచించి చెప్తానన్నాను. బాబాయిని ఆ స్కూలు వైపు పంపి అలాంటి టీచరు నిజంగా ఉందో లేదో కనుక్కున్నాకే సరేనన్నాను.

మొదటి ఆదివారం ఎవరు ముందు వెళ్ళాలన్న దగ్గరే కాసేపు ఆగిపోయాం. చివరికి ఆమె ముందుకెళ్ళింది, నేను వెనక. ఎదురుగాలి కోస్తోంది. ఆమె చక్రానికి దగ్గరగా జరిగిన కొద్దీ ఆ గాలి నాకు తగలడం మానేసింది. కాళ్ళు తేలికైపోయాయి. ఎవరో లాక్కెళ్తున్నట్టు, సగం కష్టంతోనే సాగిపోతున్నాను. పందెం రోజు ఆమె చెప్పిన భయం మాట నిజమే అయ్యుంటుంది. నా వెనకుంటే గాలి తగలదన్న మాట మాత్రం ఆమె నాకు చెప్పలేదు.