మానుకోట స్టేషన్లో దోసిలి నీళ్ళు

దయ్యాలు లేవు. ఈ మాట బడుల్లో చెప్పాను, సభల్లో చెప్పాను, బాణామతి చేశారంటూ మనుషుల్ని చావగొట్టబోయిన ఊళ్ళ నడుమ నిలబడి చెప్పాను. ఇవాళ కూడా అదే చెబుతున్నాను. కింద రాసింది చదివి "చివరికి ఆయన కూడా ఒప్పుకున్నాడు" అని ఎవరైనా చంకలు గుద్దుకుంటే వాళ్ళు నన్ను సగమే చదివినట్టు. జరిగింది రాస్తున్నాను. ఎందుకు జరిగిందో రాయడం లేదు, నాకు తెలియదు కనుక.

మా ముత్తాత నర్సయ్య నిజాం కాలంలో మానుకోట స్టేషన్లో నీళ్ళు పోసేవాడు. మానుకోట అంటే ఇప్పటి మహబూబాబాద్. అప్పట్లో స్టేషన్లలో హిందువుల నీళ్ళు వేరు, ముస్లింల నీళ్ళు వేరు. బండి ఆగగానే ఇత్తడి బిందె, చెంబు పట్టుకుని పెట్టె పెట్టెకూ తిరగడం ఆయన పని. మా కులం చేతి నీళ్ళు పై కులాలవాళ్ళు కూడా తాగుతారు కనుకనే ఆయనకు ఆ ఉద్యోగం దొరికింది. అంటే మా ఇంటికి వచ్చిన మొదటి జీతం కులం ఇచ్చిన జీతం. ఈ సంగతి నేనెప్పుడూ దాచలేదు.

మా ప్రాంతపు తొలితరం రైలు కార్మికుల గురించి ఒక పుస్తకం వేద్దామని జనగామలో మిత్రులు కొందరు అనుకున్నారు. ముత్తాత మీద వ్యాసం నేను రాస్తానన్నాను. ఇంట్లో పంచాయతీ అక్కడే మొదలైంది.

మా మేనత్త రామవ్వ భూపాలపల్లిలో ఉంటుంది. కొడుకు బొగ్గుబాయిలో పనిచేస్తాడు. మా అమ్మ పోయాక నన్ను సాకింది ఆమే. తన తాత మనిషికీ మనిషికీ తేడా చూడకుండా అందరికీ ఒక్కతీరుగా నీళ్ళు పోశాడని ఆమె నమ్మకం. ఆధారం ఏమిటని అడిగాను.

"మా నాయిన చెప్పిండు."

"ఎవలైన సొంత నాయిన గురించి చెడ్డగ చెప్తరా అత్తమ్మా?"

"మరి ఏం జెయ్యాలె? మా తాత నీకు కాయితం మీద సంతకం పెట్టిచ్చి పోవాల్నా?"

"అంటరానోళ్ళని దూరం నిలబెట్టి పైనుంచి ధార పోసినోడే అయితే అట్లనే రాస్త."

"రాయి అల్లుడా. రాసి మా గడప తొక్కకు. సాకినందుకు మంచిగనే ఎత్తుకుంటున్నవ్ నన్ను."

ఆ తరువాత ఆమె నా ఫోను ఎత్తలేదు. ఆమె ఇంట్లో నేను పెరిగినవాణ్ణి. నాకు బాధ కలగలేదని చెప్పను. కానీ నా పద్ధతి ఒకటి ఉంది. పోసినవాడి ఇంటి మాట సాక్ష్యం కాదు. తాగినవాళ్ళ ఇంటి మాట కావాలి. అది దొరక్కపోతే ఆ రోజుల్లో స్టేషన్లలో ఏం జరిగేదో అదే మా ముత్తాతా చేశాడని రాయాల్సి ఉంటుంది. అలా రాస్తే అత్తను పోగొట్టుకుంటాను. రాయకపోతే ఇన్నేళ్ళు నేను మాట్లాడిన మాటలన్నీ ఉత్తవే.

చాలా రోజులు వెతికాక మహబూబాబాద్‌లో ఎల్లవ్వ అనే ముసలావిడ గురించి తెలిసింది. ఆమె తండ్రి మల్లయ్య, అప్పటి లెక్కలో అంటరానివాడు, అదే స్టేషన్ దగ్గర, అదే కాలంలో, పట్టాల గ్యాంగులో కూలీగా పనిచేశాడట. నడివేసవిలో నేనూ సత్తయ్యా జనగామలో రైలెక్కాం. సత్తయ్య రిటైరైన సైన్సు మాస్టారు. గాలిలోంచి విభూతి తీసే బాబాల గుట్టు బయటపెట్టే ప్రదర్శనలు మేమిద్దరం కలిసే చేస్తాం.

మిట్టమధ్యాహ్నం దిగాం. ఎల్లవ్వ దగ్గరికి వెళ్ళేముందు ఒకసారి ప్లాట్‌ఫారం చివరిదాకా నడుద్దామన్నాను. ప్లాట్‌ఫారం ఏటవాలుగా దిగి కంకరలో కలిసే చోట నీడ లేదు. అక్కడికి చేరేసరికి నా కళ్ళు తిరిగాయి. కూర్చోబెట్టి, నీళ్ళ సీసా కొనుక్కొస్తానని సత్తయ్య వెనక్కి వెళ్ళాడు.

తువ్వాలు తలమీదినుంచి కళ్ళదాకా లాక్కుని తల వంచుకుని కూర్చున్నాను. ఎవరో వచ్చి పక్కన నిలబడ్డట్టు తెలిసింది. పాత్ర కదిలిన చప్పుడైంది. నీళ్ళని అర్థమై దోసిలి పట్టాను. చేతులు వణుకుతున్నాయి, దోసిలి నిలవడం లేదు. అప్పుడు ఒక అరచెయ్యి నా రెండు మణికట్ల కింద చేరి పట్టుకుంది. గరుకు చెయ్యి. దోసిలి కుదిరింది. తాగాను. ఆ చేతి బొటనవేలు నా మణికట్టు మీద మెల్లగా ఒత్తింది. చాలా అని అడుగుతున్నట్టు అనిపించి చాలదన్నట్టు తలాడించాను. మళ్ళీ పోశారు. మళ్ళీ ఒత్తారు. ఈసారి చేతులు వెనక్కి తీసుకున్నాను.

మొహం తుడుచుకుని చూస్తే ఎవరూ లేరు. నేనేమీ ఉలిక్కిపడలేదు. ఎవరో పుణ్యాత్ముడు పోసి తన దారిన పోయాడనుకున్నాను.

సత్తయ్య సీసాతో వచ్చాడు. వద్దన్నాను. "ఎవలో పోసిండ్రు. గమ్మత్తు మనిషి. నోరు తెరవడు. సాలా అని బొటనేలితోని ఒత్తి అడుగుతడు."

"ఎవలు పోసిండ్రన్నా? నేను నిన్నే సూసుకుంట వస్తున్న. నీ దగ్గర ఎవ్వలు లేరు. నువ్వొక్కనివే దోసిలి వట్టుకొని కూసున్నవ్."

నా అంగీ ఛాతీదాకా తడిసి ఉంది. అతను దాన్ని చూశాడు. "ఊరూరు తిరిగి దయ్యాలు లెవ్వని చెప్పి, ఇగ నువ్వే ఒకదాన్ని తోలుకొచ్చినవా" అని నవ్వాడు. నేనూ నవ్వాను. చెమట అనుకున్నాం.

ఎల్లవ్వ అరుగు మీద ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. మమ్మల్ని చూసి పింఛన్లు రాయడానికి వచ్చామా అని అడిగింది. కాదంటే మొహం ముడుచుకుంది. ఊరికే కూర్చోలేక సత్తయ్య తనూ తొడిమలు తీయడం మొదలుపెట్టాడు. నేను ఫలానావాడి మునిమనవణ్ణని చెప్పలేదు. చెబితే మొహమాటానికి మంచి మాటలు చెబుతారు. స్టేషన్లో నీళ్ళు పోసే మనిషి గురించి మీ నాయిన ఏమైనా చెప్పేవాడా అని మాత్రం అడిగాను.

"చెప్పకేంది. మావోళ్ళు ప్లాటుఫారం ఎక్కేది లేకుండె బిడ్డా. కింద కంకర మీద నిలవడాలె. అందరు పైనుంచే ధార వోసేటోళ్ళు. పొద్దంత గడ్డపార లేపి లేపి చేతులు వణికేటియట. ధార సగం నేలపాలు. గీ నర్సయ్య అనేటాయన మాత్రం కిందికి దిగొచ్చి, మా నాయిన చేతులు గిట్ల కిందినుంచి వట్టుకొని పోసేటోడట."

ఆమె తన రెండు మణికట్లు దగ్గరికి చేర్చి చూపించింది.

"నోరిప్పకపోయేదట. మాట్లాడితే స్టేషన్ బాబు ఇటు మర్రి సూస్తడని. సాలా అని అడగాలంటే బొటనేలితోని ఒత్తేటోడట. దూప తీరితే మా నాయిన చేతులు గుంజుకునేటోడట, అంతే."

సత్తయ్య చేతిలో మిరపకాయ అలాగే ఉండిపోయింది. నేను అతని వైపు చూడలేదు.

"అయితే మంచోడేనా అవ్వా ఆయన?"

"మంచోడో సెడ్డోడో నాకేం ఎరుక, నేను సూసిన్నా? మా నాయిన చెప్పింది చెప్పిన. రాస్తే మల్లయ్య అని మా నాయిన పేరు గూడ రాయి. పోసినోని పేరు రాస్తరు, తాగినోని పేరు ఎవ్వలు రాయరు."

ఆ తరువాత మేమిద్దరం నెలల తరబడి దీని గురించే మాట్లాడుకున్నాం. చిన్నప్పుడు ఎవరైనా చెబితే విని మరిచిపోయి ఉంటానా? కావచ్చు. ఎల్లవ్వ మాటలు విన్నాక నా జ్ఞాపకాన్ని నేనే సవరించుకున్నానా? అందుకు వీల్లేదు. బొటనవేలి సంగతి ఆమెను చూడకముందే సత్తయ్యకు చెప్పాను. వడదెబ్బకు భ్రమ పడ్డానా? అయితే అంగీ ముందువైపే ఎలా తడిసింది, చెమటైతే వీపూ తడవదా? నిజంగానే ఎవరో దారినపోయేవాళ్ళు పోశారా? అయితే సత్తయ్యకు ఎందుకు కనిపించలేదు, ఆ వేలి అలవాటు వాళ్ళకెలా వచ్చింది? ఒక్కోదానికి విడిగా జవాబు చెప్పగలను. అన్నిటికీ కలిపి చెప్పలేను. ఈ మాట రాయడం నాకు ఇష్టం లేదు, కానీ అబద్ధం రాయడం ఇంకా ఇష్టం లేదు.

వ్యాసం పూర్తి చేసి భూపాలపల్లి వెళ్ళాను. అత్త తలుపు తీసి, లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. "ఏం రాసినవో సదువు" అని అక్కడే గడప మీద కూర్చుంది. నేను మెట్టు మీద కూర్చుని చదివాను. అందులో ఎల్లవ్వ చెప్పింది ఉంది, మల్లయ్య పేరు ఉంది. కులం ఇచ్చిన జీతం అన్న మాటా ఉంది. ఆ మాట దగ్గర ఆమె పెదవి బిగించింది కానీ ఆపమనలేదు.

చదవడం అయ్యాక, బొటనవేలి సంగతి ఇంట్లో ఎవరైనా అనేవాళ్ళా అని అడిగాను.

"లేదు అల్లుడా. మా నాయినకు గూడ ఎరుకలేదేమో. అది తాగినోళ్ళకే ఎరుకుంటది గని ఇంట్లోళ్ళకు ఎట్ల ఎరుకైతది."

అప్పుడు ప్లాట్‌ఫారం మీద జరిగింది చెప్పాను. అది వ్యాసంలో రాయలేదు. రాయను కూడా. సాక్ష్యం కానిదాన్ని సాక్ష్యంగా పెట్టే హక్కు నాకు లేదు. అత్త ఆత్మ అంటుందనీ, దేవుడంటుందనీ, వాదనకు దిగాల్సి వస్తుందనీ భయపడ్డాను. ఆమె అవేమీ అనలేదు. నా చేతుల వైపు చూసి ఒక్కటే అడిగింది.

"నీళ్ళు సల్లగుండెనా?"

ఇన్ని నెలల్లో సత్తయ్య ఎన్నో ప్రశ్నలు వేశాడు, నన్ను నేను ఎన్నో వేసుకున్నాను. ఈ ప్రశ్న ఇద్దరికీ తట్టలేదు. గుర్తు తెచ్చుకున్నాను.

"సల్లగనే ఉండె అత్తమ్మా. మస్తు సల్లగ."

"బిందెకు తడిబట్ట సుట్టి ఉంటడు" అంది అత్త, అది రోజూ చూసే సంగతే అన్నట్టు. గడప మీంచి లేచి, "కాళ్ళు కడుక్కొని లోపటికి రా, అన్నం తిందువు" అంటూ వంటింట్లోకి పోయింది.

ఆ మధ్యాహ్నం, నీడ లేని ఆ చోట, అంత చల్లటి నీళ్ళు ఎక్కడివో నాకు ఇప్పటికీ తెలియదు.