క్లార్నెట్‌కు కుదిరిన పన్ను

నా పై వరుసలో ఎడమవైపు ముందుపన్ను నాది కాదు. ఇంటర్ చదివే రోజుల్లో స్కూటీ మీంచి పడి అసలుది పోగొట్టుకున్నాను. కొన్నేళ్లు తీసి పెట్టుకునే పన్నుతో నెట్టుకొచ్చి, డెంటల్ కాలేజీలో ఉండగా ఇంప్లాంట్ వేయించుకున్నాను. ఇంట్లోవాళ్లకు తెలిసిన సంగతే గానీ, నా అంతట నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు. ఊరందరికీ పళ్లు పెట్టే మనిషికి ఇందులో దాచేదేముందని మీరడగవచ్చు. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే అలవాటు పన్ను లేని రోజుల్లో పట్టుకుంది, పన్ను వచ్చాక కూడా వదల్లేదు. ‘స’ పలికినప్పుడు కొంచెం గాలి తప్పుతుందేమోనని కూడా నాకొక అనుమానం. ఎవరూ ఎప్పుడూ అనలేదు. అయినా తక్కువ మాట్లాడతాను. క్లినిక్‌లో మూతికి మాస్కు ఉంటుంది కాబట్టి రోజులు గడిచిపోతున్నాయి.

మూడేళ్ల కింద, వానలు వెనకబట్టే రోజుల్లో, నిజామాబాద్ ఖలీల్‌వాడిలో ఒక పంటి ఆసుపత్రిలో నేను కొత్తగా చేరాను. ఒకనాడు బోధన్ బస్సు దిగి ఇద్దరు వచ్చారు. ఒకాయన ఖాజా మియా, పెళ్లిళ్ల బ్యాండు మనిషి, క్లార్నెట్ వాయిస్తాడు. వయసు యాభై దాటి ఉంటుంది. వెంట వచ్చిన నర్సింలు అదే బ్యాండులో డ్రమ్ము కొడతాడు. కుర్చీలో కూర్చున్నది ఖాజా చాచా అయినా మాట్లాడిందంతా నర్సింలే.

“చెరుకు తోట గట్టు మీద కూసోని ముందు పండ్లతోని చెరుకు గుంజిండు డాక్టరమ్మా. ఫట్‌మని ఇరిగింది. గప్పుడు బోధన్ల తీపిచ్చి పెట్టుడు పన్ను పెట్టిచ్చుకున్నడు. మొన్న వర్ని ఊరి కాడ బరాత్‌ల జోరుగ ఊదుతుంటే గది ఊడి రోడ్డు మీద పడ్డది. పెండ్లిపిలగాని గుర్రం ఏడ తొక్కుతదో అని దాని కాళ్ల సందుల దూరి ఎతికిన.”

“ఝూట్ చెప్పకు నర్సిగా,” అన్నాడు ఖాజా చాచా. “ఎతికింది నేను. నువ్వు డ్రమ్ము మీద పడి నవ్వినవ్.”

“నవ్వుకుంట ఎతికిన మియా!”

నాకూ నవ్వొచ్చింది. మాస్కు మీదే చెయ్యి పెట్టుకున్నాను. ఖాజా చాచా అది చూశాడు.

క్లార్నెట్ వాయించేవాళ్లు మౌత్‌పీస్‌ను, అంటే నోట్లో పెట్టుకునే కొసను, పై ముందుపళ్లకు ఆనించి పడతారు. కింద పెదవి దాని అడుగున ఉండే రీడును, అంటే గాలికి అదిరే సన్నటి బద్దను, పట్టుకుంటుంది. పై పళ్లు గట్టిగా లేకపోతే స్వరం నిలవదు. తీసి పెట్టుకునే పన్ను ఊదిన ప్రతిసారీ కదులుతోందట, కదిలినప్పుడల్లా పాట జారుతోందట. బ్యాండు యజమాని అప్పుడే వేరే క్లార్నెట్ మనిషిని వెతుకుతున్నాడు. దానికంటే పెద్ద బాధ ఇంకొకటి ఉంది. నర్సింలు కూతురు సంధ్య పుట్టిన నాడు ఖాజా చాచా వాకిట్లో నిలబడి క్లార్నెట్ ఊదాడట. నీ పెళ్లికీ నేనే ఊదుతానని ఊయలలో పిల్లకు మాటిచ్చాడట. ఆ పెళ్లి మాఘానికి కుదిరింది.

నేను ఇంప్లాంట్ సంగతి చెప్పాను. టైటానియం స్క్రూ ఒకటి దవడ ఎముకలో బిగిస్తాం, ఎముక దాన్ని తనదిగా పట్టుకోవడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది, ఆ తర్వాత దానిమీద అబట్‌మెంట్ అనే చిన్న పీట, పీట మీద క్రౌన్, అంటే బయటికి కనిపించే పన్ను. ఖాజా చాచా తల పక్కకు వంచి విన్నాడు.

“మళ్ల ఒకపారి చెప్పు బేటీ.”

మళ్లీ చెప్పాను. అర్థం కాలేదేమో అనుకుని ఈసారి నెమ్మదిగా చెప్పాను. అప్పటిదాకా కుర్చీ చెయ్యి పట్టుకుని బిగుసుకున్న మనిషి ఒక్కసారిగా వదులయ్యాడు.

“పెట్టు,” అన్నాడు. “నీ తాననే పెట్టిచ్చుకుంట.”

స్కాన్‌లో ఎముక బాగానే ఉంది. ఇంప్లాంట్ వేశాం. ఎముక పట్టేదాకా క్లార్నెట్ ఊదవద్దని, పాన్ జోలికి పోవద్దని గట్టిగా చెప్పాను. స్క్రూ మీద చిగురు మానే లోపల అక్కడ ఒత్తిడి పడితే స్క్రూ వదులవుతుంది, అంతా మొదటికొస్తుంది. సరేనన్నాడు గానీ మధ్యలో పెళ్లిళ్ల కార్తీకం ఉంది. నాకు నమ్మకం కుదరలేదు.

నెల తర్వాత చిగురు చూడటానికి రమ్మంటే ఇద్దరూ వచ్చారు. ఖాజా చాచా బ్యాండు యూనిఫాంలోనే ఉన్నాడు, ఎర్ర కోటు, భుజాల మీద బంగారు జరీ.

“ఊదుతున్నావా చాచా?” అన్నాను భయంగా.

“కసం. ఊదలే.”

“ఊదలే డాక్టరమ్మా,” అని నర్సింలు సాక్ష్యం పలికాడు. “ఊదినట్టు జేస్తున్నడు. క్లార్నెట్ నోటి కాడ పట్టుకుంటడు, ఏళ్లు ఆడిస్తడు, బుగ్గలు ఉబ్బిస్తడు. ట్రంపెట్టోడు పాట గుంజుకుంట పోతడు. పెండ్లోళ్లు ఈయననే సూసి పైసలు ఇసురుతున్నరు. ఉట్టి ఏళ్లకు గింత డిమాండ్ ఏంది మియా?”

“నా ఏళ్లు నీ డ్రమ్ము కన్న మంచిగ మోగుతయ్ గద.”

బ్యాండు వరుసలో క్లార్నెట్ లేకుంటే పెళ్లివారు ఒప్పుకోరు. అందుకని ఆ కార్తీకమంతా ఆయన మౌనంగా వాయించాడు. చిగురు చక్కగా మానింది. ఆ రాత్రి డైరీలో దీని గురించి ఒక పేజీ రాసుకున్నాను. చుట్టూ అంత మోతలో, పాట మొత్తం వేళ్లలోనే నడుపుకుంటూ పోయే మనిషి నా కళ్లముందు నుంచి పోలేదు.

మాఘం దగ్గరపడింది. ఎముక స్క్రూను బాగా పట్టుకుంది. ఇక కనిపించే పన్ను చేయాలి. పాత ఫొటో ఏదైనా ఉంటే తెమ్మన్నాను. తన నిఖా ఫొటో తెచ్చాడు. అందులో ముందుపళ్లు రెండూ సమానంగా, నిండుగా ఉన్నాయి. ఇప్పుడు మిగిలిన రెండో పన్ను కొస మాత్రం ఒంకరగా అరిగి ఉంది. నేను ఆ అరిగిన చోట కాంపోజిట్ అనే పంటిరంగు ముద్ద పెట్టి పూడ్చాను, దానికి జోడుగా పక్కన నిండు పొడవుతో తాత్కాలిక క్రౌన్ బిగించాను. అద్దం ఇస్తే ఖాజా చాచా చాలాసేపు చూసుకున్నాడు.

“పెండ్లికొడుకు తయార్!” అన్నాడు నర్సింలు. “సంధ్య పెండ్లిల నిన్ను సూసి పీటల మీద నిన్నే కూసోవెడ్తరు.”

నాకు చాలా తృప్తిగా అనిపించింది. మూడో రోజున ఖాజా చాచా ఒక్కడే వచ్చాడు. నర్సింలు లేకుండా ఆయన రావడం అదే మొదలు.

“బేటీ, తీసెయ్యి.”

“ఏమైంది చాచా? నొప్పా?”

“నొప్పి లేదు. పాట లేదు. కీచుమంటున్నది. గాలంత పక్కకు పోతున్నది. కొత్త పన్ను మీద మౌత్‌పీస్ ఆనితే తలకాయ లోపట సుత్తెతోని కొట్టినట్టున్నది. పెండ్లికి ఇంక వారం గూడ లేదు. నర్సిగానికి చెప్పలే. తీసెయ్యి, పన్ను లేకుంటనే ఎట్లనో అట్ల ఊదుత.”

ఆయన నోరు తెరిపించి చూస్తే అంతా పద్ధతి ప్రకారమే ఉంది. అప్పుడు నాకు తట్టింది. ఆ పక్క పన్ను ఊరికే అరగలేదు. ముప్పై ఏళ్లు మౌత్‌పీస్ ఆని ఆని అక్కడ తనకొక చోటు చేసుకుంది. ఆ చోటునే నేను పూడ్చేశాను.

ఇంకొక సంగతి కూడా ఉంది. సొంత పన్నుకు, ఎముకకు మధ్య లిగమెంట్ అనే సన్నటి పొర ఉంటుంది. నొక్కితే పన్ను వెంట్రుకవాసి ఒదుగుతుంది. ఇంప్లాంట్‌కు ఆ పొర ఉండదు, నేరుగా ఎముకనే పట్టుకుని నిలుస్తుంది. అందుకే నమిలేటప్పుడు దాని మీద బరువు తక్కువ పడేలా కింది పళ్లతో కొలుచుకుంటాం. నేనూ కొలిచాను. మౌత్‌పీస్‌తో మాత్రం కొలవలేదు.

“చాచా, ఆదివారం క్లార్నెట్ తీసుకుని రా,” అన్నాను. “నువ్వు ఇక్కడ ఊదాలి. నేను వినాలి.”

“ఈడనా? దవాఖానల?”

“ఈడనే.”

ఆదివారం మధ్యాహ్నం ఆసుపత్రి ఖాళీగా ఉంది. నర్సింలు కూడా వచ్చాడు, సంగతి ఆయనకు తెలిసిపోయింది. ముందు కాంపోజిట్ తీసేసి పక్క పన్ను పాత అరుగుదలను బయటపెట్టాను. ఆర్టిక్యులేటింగ్ పేపర్ అని మా దగ్గర సన్నటి నీలికాగితం ఉంటుంది. పళ్ల మధ్య పెట్టి కొరికిస్తే ఎక్కడ ఎక్కువ తగులుతుందో అక్కడ నీలిమచ్చ పడుతుంది. దాన్ని మౌత్‌పీస్ మీద పరిచి ఊదమన్నాను. నీలమంతా కొత్త పన్ను మీదే పడింది. కొంచెం అరగదీశాను. మళ్లీ ఊదాడు. కీచు. మళ్లీ తీశాను. నర్సింలు గోడకానుకుని నేల చూస్తున్నాడు, ఒక్క జోకూ వేయలేదు. అద్దంలో అందంగా కనిపించిన పన్ను కొద్దికొద్దిగా ఒంకర తిరుగుతోంది. మచ్చ రెండు పళ్ల మీదా పడటం మొదలైంది, పాత పన్ను మీద చిక్కగా, కొత్తదాని మీద పలచగా.

అప్పుడు స్వరం నిలిచింది.

ఖాజా చాచా ఆగలేదు. కళ్లు మూసుకుని పెళ్లికూతుర్ని సాగనంపే పాట ఎత్తుకున్నాడు. నర్సింలు స్టీలు ట్రే అందుకుని వేళ్లతో దరువేస్తూ, మధ్యలో ఆపి భుజంతో కళ్లు తుడుచుకున్నాడు. కింది మందుల దుకాణం మనుషులు మెట్లెక్కి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. నా చేతిలో డ్రిల్లు అలాగే ఉండిపోయింది.

ఆ ఒంకర ఆకారాన్నే అచ్చు తీయించి అసలు సిరామిక్ పన్ను చేయించాను. అప్పటినుంచి ఎవరికి ముందుపన్ను పెట్టవలసి వచ్చినా, అద్దం చేతికిచ్చే ముందు ఆ నోటితో వాళ్లు ఏం పని చేస్తారో అడుగుతాను. దర్జీలు దారం కొరుకుతామంటారు, మౌల్వీ సాబ్ ఒకాయన నా ముందు అజాన్ మెల్లగా పలికి చూసుకున్నాడు. అందమైన పన్ను వేరు, ఆ మనిషికి కుదిరిన పన్ను వేరు. ఇది నేను నేర్చుకున్నది ఒక క్లార్నెట్ దగ్గర.

సంధ్య పెళ్లి మోస్రాలో జరిగింది. జనంలోకి పోవడం నాకు కష్టమే, అయినా పోయాను. బరాత్ ముందు ఎర్ర కోటులో ఖాజా చాచా ఊదుతున్నాడు. అప్పగింతలప్పుడు నర్సింలు డ్రమ్ము వదిలి తండ్రిగా నిలబడ్డాడు, క్లార్నెట్ ఒక్కటే సాగింది. తర్వాత చాచా నా దగ్గరికొచ్చి, మౌత్‌పీస్ తుడుచుకుంటూ, గుర్రం కథ మళ్లీ ఏదో కలిపి చెప్పాడు. నేను నవ్వి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆయన బ్యాండు టోపీ నుంచి చెవి దగ్గర వేలాడుతున్న కుచ్చును వెనక్కి తోసి, గొంతు తగ్గించి అన్నాడు:

“మొదటి దినమే ‘స్క్రూ’ అంటుంటే ఇన్న బేటీ, జర గాలి పోయింది. గాలి పని జేసేటోన్ని, నాకు తెల్వదా? నీ నోట్ల ఉన్నదే నాకు పెడుతున్నవని ధైర్యమొచ్చి కూసున్న. ఇగ ఆ చెయ్యి తియ్యి, మంచిగ నవ్వు.”