నేలిదా వెళ్లాక ఎవరు బాగుచేస్తారు

చంకలో థర్మాస్ లేకుండా నేలిదా బెంతాంకోర్ ఆఫీసుకు వచ్చిన రోజు నాకు గుర్తులేదు. మొంతెవిదెయో నగరంలో మా బస్సు కంపెనీ వెబ్‌సైటును ఇరవై రెండేళ్లుగా పరీక్షిస్తున్న మనిషి ఆవిడ. మా బల్ల దగ్గర మాతే, అంటే ఇక్కడ అందరూ టీలా తాగే ఆకు కషాయం, పోసేది కూడా ఆవిడే. ఎండు సొరబుర్రలో ఆకు వేసి, వేడినీళ్లు పోసి, వంతులవారీగా అందరికీ అందించేది. పీల్చే గొట్టాన్ని మాత్రం ఎవరూ కదపకూడదు. ప్రోగ్రామర్ విల్మార్ చేరిన మొదటి వారంలో, మూసుకుపోయిందని దాన్ని తిప్పాడు. ఆవిడ బుర్ర లాక్కుని మూడుసార్లు అతని వంతు దాటేసింది.

నేను అంతకుముందు బస్ టెర్మినల్లో టికెట్ల కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. కిటికీ మూసేసి నన్ను నేలిదా పక్కన పడేశారు. కోడ్ అంటే నాకు వణుకు. ఆవిడ నా చేతిలో ఒక నోటుపుస్తకం పెట్టింది. అందులో రెండు వందల పద్నాలుగు తనిఖీలు. పెద్దవాళ్లకు రాయితీ పడుతోందా, ఒకే సీటు ఇద్దరికి పోతోందా, ఇలాంటివి. సైటు మారిన ప్రతిసారీ అన్నీ చేత్తో నొక్కి చూడాలి. దానికి రెండు రోజులు పట్టేది.

ఫిబ్రవరి ఆఖరుకు ఆవిడ రిటైరవుతుంది. ఆలోపు ఆ పుస్తకంలోని పనంతా బ్రౌజర్‌ను తనంతట తానే నడిపే టెస్టులకు అప్పగించాలి.

"నేను పోయాక ఇది చెత్తబుట్టలో పడితే, నా ఇరవై రెండేళ్లూ అందులో పడ్డట్టే," అంది ఒకరోజు.

భయపడడంలో తప్పులేదు. నాలుగేళ్ల క్రితం బయటివాడొకడు వచ్చి టెస్టులు రాసిపెట్టి వెళ్లిపోయాడు. పేజీ కాస్త మారగానే రోజూ పొద్దున్నే, టెస్టు తప్పిందని చెప్పే ఎర్రగీతలు అరవై. బాగుచేసే నాథుడు లేక ఆఫీసులో వాటిని చూడడమే మానేశారు. ఏప్రిల్‌లో ఊరంతా బస్సెక్కే పర్యాటక వారంలో, ఆ అరవైలో ఒకటి నిజమైంది. పైసాందూ ఊరికి పోయే బస్సులో పన్నెండో సీటు ఇద్దరికి అమ్ముడైంది. కిటికీలో ఉన్నది నేనే. ఆ ఇద్దరిలో సీటు దక్కని ముసలాయన టికెట్ నా ముఖాన కొట్టాడు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఈసారి పోటీలో రెండు ఫ్రేమ్‌వర్కులున్నాయి, అంటే టెస్టులు రాసి నడిపే సరంజామాలు. ఒకటి విల్మార్ సొంతంగా కట్టుకున్నది. రెండోది అందరూ వాడే సాదా సరుకు. దాంతో నేలిదా తన టెస్టులు ముందే రాసి ఉంచింది. జనవరిలో రెండింటితోనూ అవే ముప్ఫై తనిఖీలు నడిపాం.

"నాది నాలుగు నిమిషాలు దోన్యా! మీది పదకొండు. ఇంకా పోటీ ఏంటండీ?" అన్నాడు విల్మార్. పెద్దావిడల్ని ఇక్కడ దోన్యా అనే పిలుస్తారు.

"పరుగుపందెం పెట్టలేదు నాయనా. రేపు సైటువాళ్లు పేజీ మారుస్తారు. ఏం మారుస్తారో నాక్కూడా చెప్పొద్దన్నాను."

ఈవిడ ఏం చూడాలనుకుంటోందో నాకు అంతుపట్టలేదు. రాత్రి నిద్రపోయానే గాని, పొద్దున అరగంట ముందే ఆఫీసులో ఉన్నాను.

పేజీ పైన కార్నివాల్ ప్రకటన ఒకటి వచ్చి కూర్చుంది. "టికెట్ కొను" అన్న బటన్ "సీటు తీసుకో" అయింది. విల్మార్‌వి ఆరు టెస్టులు విరిగాయి, నేలిదావి తొమ్మిది. విల్మార్ ఈల వేశాడు.

"ఇప్పుడు బాగుచెయ్యాలి," అంది నేలిదా. "నువ్వూ కాదు, నేనూ కాదు. ఫోను ఇక్కడ పెట్టి, సముద్రపు గట్టు మీద ఓ గంట తిరిగిరా."

"మరి ఎవరు చేస్తారు?"

ఆవిడ గడ్డం నావైపు తిరిగింది.

"నన్నెందుకు లాగుతారండీ ఇందులోకి?"

"నువ్వు చెయ్యగలిగితే ఎవరైనా చెయ్యగలరు."

అది విని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కోపంతోనే కూర్చున్నాను.

విల్మార్ టెస్టు "ఏడో పెట్టెలో మూడోది దొరకలేదు" అంది. ఏ పెట్టె? ప్రతిదాన్నీ పేజీలో ఎన్నోదో లెక్కపెట్టి పట్టుకుంటుందట. పైన ప్రకటన రాగానే లెక్కంతా తప్పింది. ఒకచోట సరిచేస్తే ఇంకోచోట ఊడింది. నలభై నిమిషాలు కుస్తీ పట్టాక విరిగినవి ఆరు కాస్తా ఎనిమిదయ్యాయి.

రెండోది తెరిచాను. "'టికెట్ కొను' అనే బటన్ కనిపించలేదు" అని ఉంది. అది నాకు తెలిసిన మాట. ప్రయాణికులకు పదేళ్లు చెప్పిన మాట. ఆ బటన్ పేరు మొత్తం కోడ్‌లో ఒక్కచోటే రాసి ఉంది, తొమ్మిది టెస్టులూ దాన్నే అడుగుతాయి. పేరు మార్చాను. తొమ్మిదీ పచ్చబడ్డాయి. నా వంతు మాతే ఇంకా చల్లారలేదు.

మొహం ఎర్రగా కందిపోయి విల్మార్ తిరిగొచ్చాడు. తెర చూశాడు.

"నా కోడ్‌లో తప్పెక్కడుంది?"

"తప్పేం లేదు. నీ చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి పడనివ్వదు, అంతే. నా మాతేలాగ."

"మరి మీ మాతేని ఎవరూ ఏమీ అనరే?"

"నేను లేకపోతే మాతే తాగక ఎవరూ చావరు. టికెట్ సరిగ్గా రాకపోతే జనం ఊరికి పోలేరు."

అతను ఒకరోజంతా మూతి ముడుచుకున్నాడు. మర్నాడు వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుని, పుస్తకంలో ముప్ఫై ఒకటో తనిఖీ ఏమిటని అడిగాడు. ఫిబ్రవరి ఆఖరుకు రెండు వందల పద్నాలుగూ నేలిదా ఎంచుకున్న ఫ్రేమ్‌వర్కులోకి ఎక్కాయి. చివరి అయిదూ నేనే రాశాను.

పర్యాటక వారం ముందురోజు పొద్దున తొమ్మిదింటికి నేలిదా ఫోన్ చేసింది.

"ఎరుపేమైనా వచ్చిందా?"

"ఏడింటికి ఒకటి వచ్చింది. పైసాందూ బస్సుకే. సీట్ల బొమ్మ మార్చారు."

"మరి?"

"ఎనిమిదికల్లా బాగుచేశాను."

"మాతే ఎవరు పోస్తున్నారు?"

"విల్మార్. గొట్టం ముట్టుకుంటే మీకన్నా అన్యాయంగా అరుస్తున్నాడు."

నవ్వింది. అవతల కెటిల్ కూత వినిపిస్తోంది.

"నన్ను అడగాల్సిన అవసరం రాలేదా?"

అబద్ధం చెబుదామనిపించింది. నోరు రాలేదు.

"రాలేదండీ," అన్నాను.

"హమ్మయ్య," అంది నేలిదా. గొంతు మాత్రం ఏడుస్తున్నట్టుంది.