తొరపని నీళ్లు

లడాఖ్‌లో ఆర్మీ పోస్టుకు చేరింది నవంబర్ మొదటివారం, ఉదయం పదకొండుకు. మైనస్ పద్దెనిమిది. మొత్తం పన్నెండుమందిమి. నేను పైపుల ఫిట్టర్ని, వినుకొండ దగ్గరి మిర్చి రైతు కొడుకుని. హవల్దార్‌ది సింగరాయకొండ. కుక్‌ది చీరాల, మగ్గం ఇల్లు. అంత ఎత్తున ముగ్గురం తెలుగువాళ్లమని సంబరపడ్డాను, బుద్ధి తక్కువై.

బాయిలర్ నుంచి డెబ్బై అయిదు డిగ్రీల నీళ్లు, వాగు నుంచి మంచునీళ్లు, రెండూ కలిపి వంటింటికి పంపాలి. మన ఇళ్లలో స్నానానికి నీళ్లు తొరుపుతారు. బకెట్లో వేడినీళ్లకి చన్నీళ్లు కలిపి, చెయ్యి పెట్టి తిప్పి చూస్తారు. పైపులో ఆ చెయ్యి ఉండదు. రెండు ధారలూ కలిసీ కలవకుండా పారతాయి. ఇనుము ఒక క్షణం కాలుతుంది, మరుక్షణం చల్లబడుతుంది. కొన్నాళ్లకి పగులుతుంది. అందుకని రెండూ ముందే కలిసేలా మధ్యలో డ్రమ్ము పెడదామన్నాను. ఉన్న ఒక్క డ్రమ్మునీ హవల్దార్ తన స్నానానికి పెట్టుకున్నాడు.

“ఏరా, మీ చేలో బోరు పైపులకి డ్రమ్ములు పెట్టారంట్రా? జాయింటు వేసి పో,” అన్నాడు.

వేశాను. అది నా తప్పు.

రోజూ ఆరింటికి జాయింటు పక్కన చెయ్యి ఆనించేవాణ్ణి. వేడి, చలి, వేడి, చలి. పైపు పగులుతుందని హవల్దార్‌కి మూడుసార్లు చెప్పాను. ముప్పై నాలుగో రోజు, ఉదయం ఏడుంపావుకి, జాయింటు పక్కనే పైపు చీలింది. వేడినీళ్లు కింద పిండి కలుపుతున్న కుక్ కుడిచేతి మీద పడ్డాయి.

ఫిట్టర్ సరిగా బిగించలేదని హవల్దార్ రేడియోలో చెప్పాడు. పక్కనే నిలబడి విన్నాను. హెలికాప్టర్ కుక్‌ని కింద ఆసుపత్రికి దించింది. శిక్ష నాకు పడింది. పగిలిన ముక్కని కోసి కిట్‌లో దాచాను. దాని చివర బిగించిన మర చెక్కుచెదరలేదు, చీలింది ఇనుమే.

ఇప్పుడు వినుకొండలో ప్లంబర్ని. రిటైరైన హవల్దార్ పోయినేడు కబురు పెట్టాడు, సింగరాయకొండలో కొత్త ఇంటికి సోలార్ హీటరు బిగించాలట. వెళ్లాను. పని శ్రద్ధగా చేశాను. చివర్లో ఆ ముక్కని స్నానాలగది గోడకి, కళ్లెదురుగా, సిమెంటుతో బిగించాను.

“ఏందిరా ఇది?” అన్నాడు.

“కుక్ చెయ్యి, సార్. రోజూ చూసి నీళ్లు పోసుకోండి.”

ఆయన ముఖం పాలిపోయింది. నాకు జాలి కలగలేదు. ఇవాళ్టికీ లేదు.

తిరిగొస్తూ చీరాలలో దిగాను. కుక్ మగ్గం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు. అంతలో పోగు తెగింది. అతుక్కుపోయిన వేళ్లతో ముడి పడలేదు. వంగి, పళ్లతో పట్టుకుని వేశాడు.