ఆరు చిక్కుడు మొక్కలు, ఆరు ఇంటూ గుర్తులు

టైలరమ్మ కొలతలు తీసేటప్పుడు ప్రశ్నలు వేయకుండా ఉండలేదని ఆ వీధిలో అందరికీ తెలుసు. ఒకరి ఎడమ భుజం కుడిదాని కంటే అరంగుళం జారి ఉంటే, ఆ భుజాన ఏ సంచి మోస్తున్నారో, ఎన్నేళ్లుగా మోస్తున్నారో కనుక్కోనిదే ఆమె టేపు చుట్టదు. ముందుగదిలో కుట్టుమిషను, వెనక పెరట్లో నాలుగు మడులు. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆమె బతుకు ఈ రెండింటి మధ్య ఉన్న నడవాలోనే అటూ ఇటూ తిరుగుతోంది. మెడలో టేపుతోనే పెరట్లోకి వెళ్లి వంగమొక్కల మధ్య దూరం కొలుస్తుంది. "కుట్టు దగ్గర గుడ్డ వదిలినట్టే వీటికీ వదలాలి. రేపు ఒళ్లు చేస్తాయి" అంటుంది.

ఆ ఏడాది చలి వెనకపట్టు పట్టగానే పనులన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. గులాబీ కొమ్మలు కత్తిరించాలి. చేమంతి దుబ్బులు విడదీసి పిలకలు నాటాలి. మాగిన ఆకుల ఎరువు మట్టిలో కలిపి టమాటా నారుకు మడి సిద్ధం చేయాలి. ఇన్ని పనులున్నా ఆమె మనసు మాత్రం ప్రహరీ పక్కనున్న చిక్కుడు మడినే పట్టుకు వేలాడుతోంది.

కిందటేడు ఊదాపూల చిక్కుడు తీగలో ఒకే ఒక్క కొమ్మకు తెల్లపూలు పూశాయి. టైలరమ్మ ఆ కొమ్మకు ఎర్రదారం కట్టి, కాయలు ఎండేదాకా ఎవరినీ ముట్టనివ్వలేదు. తొమ్మిది గింజలు దక్కాయి. తీగేమో ఊదాది, కొమ్మేమో తెల్లది. మరి గింజ ఎవరి మాట వింటుంది? చలికాలమంతా ఈ ప్రశ్న ఆమెకు పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది.

"పువ్వు తెల్లగా పూస్తే కూర రుచి మారుతుందా?" అన్నాడు బస్సు డ్రైవరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఆమె భర్త.

"మారదు."

"మరెందుకే ఈ తాపత్రయం?"

"పాతికేళ్లు ఒకే దారిలో బస్సు నడిపారు కదా, పక్క సందు ఎటు పోతుందో చూద్దామని మీకెప్పుడూ అనిపించలేదా?"

"అనిపిస్తే మాత్రం? వెనకున్న యాభైమంది ఊరుకుంటారా?"

పాత తీగ ఎండిపోయింది కనుక ఆ తొమ్మిది గింజలే ఆధారం. పోల్చి చూసుకోవడానికి వీలుగా వాటిని మామూలు గింజల మధ్యనే విత్తింది. ఆరు మొలిచాయి. ఒక్కొక్కదాని పక్కన పుల్ల గుచ్చి, దానికి అట్టముక్క కట్టి, గుడ్డ మీద గీసే నీలం సుద్దతో ఇంటూ గుర్తు పెట్టింది. ఆమె దగ్గర పని నేర్చుకున్నవారికి మొదటిరోజే తెలిసే సంగతి అది: ఇంటూ ఉన్న చోట కత్తెర పడకూడదు.

పెద్దకోడలు ఆమె దగ్గర కుట్టుపని నేర్చుకోలేదు. బడిలో లెక్కల టీచరు. బదిలీ మీద వచ్చి అత్తవారింట చేరి నెల కూడా కాలేదు. ఆ ఆదివారం ముందుగది నిండా నాటకబృందం వాళ్లున్నారు. పన్నెండుమంది సైనికుల కోట్లు తొడిగి సరిచూడాలి.

"అత్తయ్యా, ఖాళీగా ఉన్నాను. పెరట్లో ఏమైనా చేయనా?"

పెదవుల మధ్య గుండుసూదులు పెట్టుకున్న మనిషి ఎంతని మాట్లాడుతుంది? "చిక్కుడు మడి పలచన చెయ్యమ్మా. గుర్తులు పెట్టాను, చూసి తియ్యి" అంది టైలరమ్మ పళ్ల సందున.

గంట తర్వాత వెళ్లి చూస్తే మడి దువ్విన తలలా ఉంది. ఆరు పుల్లలూ కట్టకట్టి గోడకు ఆనించి ఉన్నాయి.

"ఇంటూ పెట్టినవన్నీ తీసేశానత్తయ్యా. ఇంకా ఒత్తుగా అనిపిస్తే పక్కవీ కొన్ని తీశాను."

టైలరమ్మ అరవలేదు. అర్థం కానిది ఎదురైతే ఆమెకు కోపం కంటే ముందు ప్రశ్న వస్తుంది. "ఇంటూ అంటే ఏమనుకున్నావు తల్లీ?"

"తప్పని. పదకొండేళ్లుగా ఎర్రసిరాతో నేను పెడుతున్నది అదేగా."

"నా కత్తెరకు ఇంటూ అంటే ఆగమని."

కోడలి ముఖం పాలిపోయింది. "ఒకే ఇంట్లో రెండు బళ్లు నడిస్తే ఇంతే మరి" అన్నాడు మామగారు పెరట్లో కుర్చీలోంచి.

"ఏవి ఎక్కడివో గుర్తులేదత్తయ్యా. అన్నీ ఒకే బుట్టలో వేశాను."

టైలరమ్మ బుట్ట తెచ్చి, గుడ్డలు కత్తిరించే బల్ల మీద తడిగుడ్డ పరిచి, మొలకలను వరుసగా పేర్చింది. ఇరవై ఒకటి. ఏళ్ల తరబడి దారాన్ని గుడ్డకు సరిపోల్చిన కళ్లు వాటి మీద నెమ్మదిగా నడిచి ఒకచోట ఆగాయి.

"ఈ కాడ చూడు. రంగు దిగిన దారంలా ఊదాజీర లేదూ? ఇప్పుడు దీన్ని చూడు."

"ఇది ఉత్త ఆకుపచ్చ." కోడలు వంగి ఒక్కొక్కటే వేరుచేసింది. "ఆకుపచ్చవి నాలుగు. మిగతా పదిహేడింటికీ జీర ఉంది." అడగకుండానే పెరట్లోకి వెళ్లి మడిలో మిగిలినవన్నీ చూసి వచ్చింది. "అక్కడ అన్నింటికీ జీరే. అయితే ఈ నాలుగూ మీ ఆరింటిలోవే అయ్యుండాలి. మరి ఇంకో రెండు?"

"ఈ పదిహేడులో కలిసిపోయాయి."

"ఒకే కొమ్మ గింజలు రెండు దారులు పట్టాయా?"

"పట్టినట్టే ఉంది. పువ్వు చూసేదాకా ఒట్టెయ్యలేను."

ఎండ తగ్గాక నాలుగింటినీ మళ్లీ నాటి, తాటాకు నీడ కట్టారు. నాలుగోరోజుకు రెండు తలవాల్చాయి, రెండు నిలిచాయి. వారాలు గడిచాక ఒకనాటి ఉదయం ఆ రెండింటికీ మొదటి పూలు విచ్చుకున్నాయి. తెల్లవే. టైలరమ్మ మడి గట్టు మీద కూర్చుని చాలాసేపు వాటినే చూసింది. చలికాలం నుంచి మోస్తున్న ప్రశ్న దిగిపోతే ఒంటికి ఎలా ఉంటుందో అప్పుడు ఆమె ముఖం చూసినవారికి తెలిసేది.

కోడలి ప్రశ్న మాత్రం దిగలేదు. పారేయాల్సిన పదిహేడు మొక్కలనూ ఆమె పీకిన రోజే కుండీల్లో నాటింది. ఒక్కటి కూడా చావలేదు. ఒకటి నుంచి పదిహేడు దాకా అంకెలు రాసి వరండాలో పెట్టింది.

"అన్నీ ఊదాగానే పూశాయత్తయ్యా. మీ రెండూ ఏవో ఎలా తెలుస్తుంది?"

"ప్రతిదాని గింజా విడిగా దాచి, వచ్చే ఏడు విడిగా విత్తాలి. తెల్లపువ్వు పోలిక లోపల దాగి ఉంటే పిల్లల్లో బయటపడొచ్చు. దేనికి పుట్టిన మొలకల్లో పచ్చకాడ కనిపిస్తుందో చూడాలి."

"అంటే పదిహేడు మడులా?" అన్నాడు మామగారు. "ఈ కుర్చీ వేసుకునే చోటైనా నాకు మిగులుతుందా?"

కోడలు అత్తగారి మెడలోని టేపు అడిగి తీసుకుని, ఒక కొస ఆయన కుర్చీకాలి దగ్గర పెట్టి, రెండో కొస పట్టుకుని ప్రహరీ వైపు నడిచింది.